చక్రవర్తికి తండ్రి అనే పదవి

వంశపారంపర్యంగా సింహాసనం సంక్రమించే రాజ్యాల్లో, రాజు పసివాడైనప్పుడు అతని పేరిట ఎవరు పాలించాలన్నది తరచు బలాబలాలే తేల్చేవి. ఆ బలాన్ని మర్యాదగా కనబడేలా చేసేవి కొలువు బిరుదులు.

కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా ఉన్న బైజాంటైన్, అనగా తూర్పు రోమన్ సామ్రాజ్యంలో, 9వ శతాబ్దం చివర ఆరవ లియో తన ముఖ్య సలహాదారు స్టైలియానోస్ జౌట్సెస్‌కు ‘బాసిలియోపాటర్’, అంటే ‘చక్రవర్తి తండ్రి’ అనే కొత్త బిరుదు ఇచ్చాడు. లియో అప్పటికే వయసు వచ్చినవాడు కనుక అందులో సంరక్షణ బాధ్యతేమీ లేదు. జౌట్సెస్ కుమార్తె జోయీ అతనికి ప్రియురాలై, తరువాత భార్య కూడా అయింది.

బిరుదుకు పదును వచ్చింది లియో కుమారుడు ఏడవ కాన్‌స్టాంటైన్ కాలంలోనే. 905లో, తల్లిదండ్రుల వివాహానికి ముందే పుట్టిన ఇతని హక్కుపై, లియో నాలుగో పెళ్లిని చర్చి అంగీకరించకపోవడం వల్ల, సందేహాలు వెంటాడాయి. 912లో తండ్రి, మరుసటి ఏడు పినతండ్రి అలెగ్జాండర్ మరణించగా, మొదట చర్చి అధిపతి అయిన పాట్రియార్క్ నికొలాస్, 914 నుంచి తల్లి జోయీ (ఈమె జౌట్సెస్ కుమార్తె కాదు) బాలుడి పేరిట పాలించారు. 917లో బల్గేరియా పాలకుడు సిమియోన్ చేతిలో సైన్యం చిత్తుకావడంతో ఆమె పలుకుబడి సడలింది. తన కూతురినిచ్చి ఆ బాలుడికి మామ కావాలని సిమియోన్ కూడా ఆశించాడంటే, ఆ సంబంధం విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ స్థానం చివరకు నౌకాదళాధిపతి రొమానోస్ లెకపెనోస్‌కు దక్కింది. అతడు 919లో రాజప్రాసాదాన్ని వశపరచుకుని, కుమార్తె హెలెనాను పద్నాలుగేళ్లు నిండీ నిండని చక్రవర్తికిచ్చి పెళ్లిచేసి, బాసిలియోపాటర్ అయి, 920 సెప్టెంబరులో చక్రవర్తి తరువాతి స్థాయిదైన సీజర్ బిరుదును, డిసెంబరులో సహచక్రవర్తి కిరీటాన్ని పొందాడు. తండ్రి స్థానంలో నిలిచినవాడు అల్లుణ్ణి వెనక్కు నెట్టడానికి రెండేళ్లు కూడా పట్టలేదన్నమాట. తన కొడుకులకు కూడా కిరీటాలు పెట్టించి, పెద్దవాడైన క్రిస్టఫర్‌ను కాన్‌స్టాంటైన్ కంటే ముందు వరుసలో నిలిపాడు. అయినా అల్లుణ్ణి చంపించలేదు, పదవీచ్యుతుణ్ణీ చేయలేదు; రాజవంశపు బిడ్డగా కాన్‌స్టాంటైన్‌కు ఉన్న ప్రతిష్ఠే రొమానోస్ అధికారానికి కూడా ఆధారం కనుక, అది దయ కంటే లెక్క అనడమే సబబు.

క్రిస్టఫర్ 931లో మరణించగా, మిగిలిన కొడుకులే 944 డిసెంబరులో తండ్రిని పడదోసి, సన్యాసిగా మార్చి, ప్రోటీ ద్వీపానికి పంపారు. కొన్ని వారాలకే వారికీ అదే గతి పట్టగా, కొలువు ఆచారాల మీద ప్రసిద్ధ గ్రంథం కూర్పించిన కాన్‌స్టాంటైన్ 945లో ఏకైక చక్రవర్తి అయ్యాడు. 959లో అతని తరువాత సింహాసనమెక్కిన రెండవ రొమానోస్ హెలెనా కుమారుడే. లెకపెనోస్ రక్తం కొడుకుల వల్ల నిలుపుకోలేకపోయిన సింహాసనం కూతురి వల్ల దక్కింది.