ఎరువు తెచ్చుకొన్న విద్య

ఎరువుల సొమ్ము బరువుల చేటని మన సామెత. నగల విషయమున అది సత్యమే. విద్య విషయమునను సత్యమేనా? జర్మనీలోని ఐజెనాఖ్ పట్టణపు మోటారు కర్మాగారము చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు.

ఆ పట్టణమునకు ఎగువ కొండపై వార్ట్‌బుర్గ్ అను ప్రాచీన దుర్గమున్నది. మార్టిన్ లూథర్ 1521-22లో అజ్ఞాతవాసము చేయుచు బైబిలు కొత్త నిబంధనను జర్మను భాషలోనికి తెచ్చినది ఆ కోటలోనే. 1896లో హైన్రిఖ్ ఎర్హార్ట్ అను పారిశ్రామికుడు ఆ ఊర వాహన నిర్మాణశాలను స్థాపించినాడు. మొదట సైకిళ్లు, సైన్యమునకు వలయు బండ్లు అచట తయారైనవి. పిమ్మట మోటారు కారు చేయ సంకల్పించి, దానిని తానుగా కనిపెట్టబూనక, ఫ్రాన్సులోని డెకోవిల్ సంస్థనుండి లైసెన్సు పొందినాడు. తేలికపాటి రైలుమార్గముల నిర్మాణమునకు పేరుమోసిన ఆ సంస్థ ఒక చిన్న కారును రూపొందించినది. దానికి రెండు సిలిండర్ల ఇంజను; ముందు చక్రములు దేనికది విడిగా కదలునట్లు అడ్డముగా అమర్చిన స్ప్రింగు. ఆ కారే 1898లో కోట పేరు ధరించి ‘వార్ట్‌బుర్గ్’ అయినది.

ఆ వైభవము స్వల్పకాలమే. 1903లో ఎర్హార్ట్ సంస్థను విడిచినాడు; లైసెన్సు కర్మాగారమునకు దక్కలేదు. ఆరేండ్లు నిండునంతలో ఆ పేరు మరుగుపడినది. సామెతయే గెలిచినట్లు తోచును.

అయితే లైసెన్సు పోయినను పనివారి చేతినేర్పు పోలేదు. 1904లో అదే కర్మాగారము స్వంత కార్లకు ‘డిక్సీ’ అని పేరిడినది. లాటిను భాషలో ఆ మాటకు ‘నేను పలికితిని’ అని అర్థము. అంతవరకు పరుల మాటను వల్లించిన నోట వెలువడిన తొలి స్వంత పలుకది!

ఇంగ్లండులో హెన్రీ రాయిస్ సయితము ఒక డెకోవిల్ కారును కొన్నాడు. దాని లోపములను పరిశీలించి, 1904లో తన కారును తానే నిర్మించినాడు. రోల్స్ రాయిస్ కీర్తికి అదియే అంకురము. లైసెన్సు చేయు హక్కు నిచ్చును గాని, ప్రశ్నించు బుద్ధి నీయజాలదు.

1927లో ఐజెనాఖ్ మరల ఎరువునకు పోయినది. ఈసారి ఇంగ్లండువారి ఆస్టిన్ సెవెన్ కారు. మరుసటి యేడు బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆ కర్మాగారమును కొని, ఆ చిన్న కారుతోనే మోటారు కార్ల రంగమున ప్రవేశించినది. 1932లో ఆ లైసెన్సు విడిచి స్వంత నమూనాకు పూనుకొన్నది. వార్ట్‌బుర్గ్ పేరును తూర్పు జర్మనీ 1950వ దశకమున పునరుద్ధరింపగా, అది 1991 వరకు నిలిచినది.

ఎరువు తెచ్చుట తప్పు కాదు. తెచ్చినదానిని అరిగించుకొనకుండుటయే చేటు. ఇతరుల గ్రంథమును తన జాతి నుడిలో పలికించిన వాని కోట నీడన ఈ పాఠము తేటపడుట ఎంతయు సముచితము.