తేనెపట్టు మూత తీయడానికి ఏ కత్తి?

చలికాలంలో మీరెప్పుడైనా ఢిల్లీ నుంచి అల్వర్ వైపో, భరత్‌పూర్ వైపో ప్రయాణం చేశారా? రోడ్డుకి రెండు పక్కలా ఆవచేలు పచ్చగా పూసి ఉంటాయి. ఆ చేల గట్ల మీద వరసగా పెట్టిన చెక్కపెట్టెలు కనిపిస్తాయి. పక్కనే ఒక గుడారం ఉంటుంది. అవి తేనెటీగల పెట్టెలు. పూలు ఎక్కడుంటే అక్కడికి పెంపకందారులు ఈ పెట్టెల్ని లారీల్లో తీసుకువెళతారు.

పెట్టెలోని తేనె మన సీసాలోకి రావాలంటే ఒక చిన్న అడ్డంకి దాటాలి. అది కాగితమంత పల్చని మైనపు మూత. దాన్ని దేనితో తీయాలి? ఇది వినడానికి చిన్న ప్రశ్నే. కానీ తేనె నాణ్యత, ఈగల శ్రమ, పెంపకందారుని లాభం మూడూ ఈ జవాబు మీద ఆధారపడి ఉంటాయి.

మూత ఎందుకు?

పూల మకరందంలో నీరు ఎక్కువ. ఈగలు దాన్ని గదుల్లో పోసి, రెక్కలతో విసిరి నీటిని ఆవిరి చేస్తాయి. నీరు ఇరవై శాతం కంటే తగ్గి తేనె పక్వానికి వచ్చాక గదికి మైనంతో మూత వేస్తాయి. అంటే మూత ఈగలు వేసిన ముద్ర లాంటిది. చట్రంలో కనీసం ముప్పాతిక భాగం గదులకు మూతలు పడ్డాకే తేనె తీయాలి. తొందరపడితే ఆ తేనె పులిసిపోతుంది.

పూర్వం పట్టును పిండి తేనె తీసేవారు. పట్టు నాశనమయ్యేది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ పైకి తీయగలిగే చట్రాలున్న పెట్టెను రూపొందించాడు. 1865లో హ్రుష్కా చట్రాల్ని గిరగిర తిప్పి తేనె తీసే యంత్రాన్ని ప్రదర్శించాడు. అపకేంద్ర బలం వల్ల తేనె బయటికి చిమ్ముతుంది, ఖాళీ పట్టు చెక్కుచెదరక మిగులుతుంది. దాన్ని మళ్లీ ఈగలకే ఇవ్వవచ్చు.

ఇందులో లాభమేమిటో చూడండి. ఒక కిలో మైనం తయారుచేయడానికి ఈగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తింటాయని ఒక అంచనా. కాబట్టి మంచి పనిముట్టుకు పరీక్ష ఒక్కటే: మూత రావాలి, పట్టు మిగలాలి.

కత్తి

అందరికీ అందుబాటులో ఉండేది పొడవాటి కత్తి. లాంగ్‌స్ట్రాత్ పెట్టె పెద్ద చట్రం ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లు. కత్తి అంతకంటే పొడవుండాలి. అప్పుడే అది చట్రం పై చెక్క మీదా, కింది చెక్క మీదా ఆని, రంపంలా కదులుతూ సమంగా కోస్తుంది. పది చట్రాలు పట్టే పై అంతస్తులో తొమ్మిదే పెడితే, ఈగలు పట్టును చెక్కల కంటే కాస్త ముందుకు పెంచుతాయి. అప్పుడు కోత మరీ సులువు. చట్రాన్ని నిలబెట్టి కొంచెం ముందుకు వంచితే కోసిన మూతల పొర పట్టుకు అంటుకోకుండా కింది పళ్లెంలో పడుతుంది.

చల్లని కత్తికి మైనం అంటుకుంటుంది. అందుకని రెండు కత్తులు ఉంచుకుంటారు. ఒకటి కోస్తుంటే రెండోది వేడినీటిలో ఉంటుంది. ఒక జాగ్రత్త: కత్తిని తుడిచి వాడాలి. నీటిచుక్కలు తేనెలో పడితే అదీ పులుపుకే దారి.

విద్యుత్తుతో వేడెక్కే కత్తి వేగంగా పని చేస్తుంది. కానీ పొలం గుడారంలో కరెంటు ఏది? పైగా మైనం కరిగేది 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఉష్ణోగ్రతను అదుపుచేసే ఏర్పాటు లేకపోతే కత్తి దీన్ని మించి కాలిపోయి తేనెను మాడుస్తుంది. తేనె వేడెక్కిన కొద్దీ అందులో హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం అది కిలోకు 80 మిల్లీగ్రాములు మించరాదు.

ముళ్ల దువ్వెన, ముళ్ల రోలర్

దువ్వెన సన్నని సూదుల వరస. దాన్ని మూత కిందికి ఏటవాలుగా జొనిపి పైకి లేపాలి. పని నెమ్మదే. కానీ కత్తికి అందని పల్లపు గదుల్ని ఇదే తెరుస్తుంది. ఒకే అంతస్తు పెట్టె వాడేవారి చట్రాల్లో పైన తేనె, కింద పిల్లలు ఉంటాయి. అక్కడ పొడవాటి కత్తి ప్రమాదం. పిల్లల గదుల మూతలు గోధుమరంగులో, గరుకుగా ఉంటాయి. వాటిని ముట్టుకోకూడదు. అసలు తేనెకు విడిగా పై అంతస్తు పెట్టడమే మేలైన పద్ధతి.

రోలర్ మూతలకు చిల్లులు పొడుస్తుంది. పని సులువే గాని తేనె నిదానంగా వస్తుంది. మైనపు నలుసులు తేనెలో కలిసి జల్లెడను మూసేస్తాయి.

ఆవ తేనెతో చిక్కు

ఆవ తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువ. అందుకే అది త్వరగా పేరుకుంటుంది. తేనె పేరుకోవడానికి బాగా అనువైన ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీలు. జనవరిలో ఢిల్లీ సగటు ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే! గదిలోనే గడ్డకట్టిన తేనెను ఏ కత్తి వాడినా యంత్రం బయటికి తీయలేదు. అందుచేత ఇక్కడ మంచి కత్తి కంటే ముందు కావలసింది మంచి సమయం. మూతలు పడగానే, ఎండ ఎక్కిన మధ్యాహ్నం, పెట్టెలోంచి తీసిన వెచ్చదనం ఆరకముందే పని ముగించాలి. చల్లబడిన మైనం పెళుసుగా మారి కోతలో పట్టు విరుగుతుంది. తేనె వాసనకు వేరే పెట్టెల ఈగలు దోపిడీకి రాకుండా దోమతెరలో కూర్చుని చేయాలి.

మీరైతే ఏది ఎంచుకుంటారు?

కాలేజీ తోటలో రెండు పెట్టెలుంటే ఒక కత్తి, ఒక దువ్వెన చాలు. ఊరూరా తిరిగే వందల పెట్టెలకు రెండు కత్తులు, వేడినీటి గిన్నె, మిగిలిన గదులకు దువ్వెన. కరెంటున్న షెడ్డులో స్థిరంగా పనిచేసేవారికి ఉష్ణోగ్రత అదుపున్న విద్యుత్ కత్తి. ఏదైనా స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి. తేనెకు ఆమ్లగుణం ఉంది, మామూలు ఇనుము తుప్పు పడుతుంది.

కోసిన మూతల్ని పారేయకండి. గుడ్డలో వేలాడదీస్తే వాటికంటిన తేనె కారుతుంది. మిగిలేది శుభ్రమైన మైనం. కొవ్వొత్తులకూ, కొత్త చట్రాల్లో పెట్టే మైనపు పునాది రేకులకూ పనికివస్తుంది. ఆ రేకు మీద ఈగలు మళ్లీ గదులు కడతాయి.