4.3 కోడ్ హోస్టింగ్, బగ్ ట్రాకర్: ఎంపిక

మెండోరలో ఒకరు, బోధన్‌లో ఒకరు కలిసి ఓపెన్ సోర్స్ తెలుగు కీబోర్డు తయారుచేస్తున్నారనుకోండి. కోడ్ ఉంచడానికి, బగ్‌లు నమోదు చేయడానికి వారికొక చోటు కావాలి. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ వంటి సేవలలో ఈ రెండూ లభిస్తాయి. ఎంచుకొనే ముందు ఇలా ప్రశ్నించుకోండి: ఈ సేవ మూతపడితే మనకేమి మిగులుతుంది?

2006లో మొదలైన గూగుల్ కోడ్ హోస్టింగ్ 2016 జనవరిలో మూతపడింది. గిట్ వాడితే కోడ్, దాని మార్పుల చరిత్ర క్లోన్ చేసుకున్న ప్రతి సభ్యుని కంప్యూటర్‌లోనూ ఉంటాయి. బగ్ నివేదికలు, వాటిపై చర్చలు మాత్రం సాధారణంగా సర్వర్‌లోనే ఉంటాయి. కనుక వాటినీ దించుకొనే వీలున్న సేవనే ఎంచుకోండి. గిట్‌ల్యాబ్‌ను సొంత సర్వర్‌లోనూ నడపవచ్చు. అప్పుడు బ్యాకప్ బాధ్యత మీదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కోడ్ ప్రతి మీ వద్ద ఉన్నా బగ్ నివేదికలను విడిగా ఎందుకు భద్రపరచాలి?