మందు ధర చూసి మందు మానకండి

ఈ వారం ఏ సఫూఫ్ గురించో, ఏ జవారిష్ గురించో రాస్తానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. కాని బరంపురంలోని నా దవాఖానాలో ఈమధ్య జరిగిన ఒక సంగతి వల్ల వేరే విషయం రాయవలసి వచ్చింది.

ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక పెద్దాయనను ఆయన కొడుకు తీసుకొచ్చాడు. పెద్దాయనకు పదేళ్లుగా షుగరు, బి.పి. కాలికి పుండు పడితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారట. డాక్టరు ఫీజు, మంచం అద్దె కలిపినా మందుల పద్దులో సగం కాలేదు. ఇంటికి వెళ్లాక ఇన్సులిన్, మాత్రలు పదిహేను రోజులు వాడి మానేశారు. "హకీం సాబ్, ఆ మందులు కొనలేకపోతున్నాం. మీ యునానీ మందేదైనా ఇవ్వండి, చవకగా అయిపోతుంది" అన్నాడు కొడుకు. అప్పటికే పుండు నల్లబడుతోంది.

ఆ రోజు నేను వారికి మందు ఇవ్వలేదు. ఇన్సులిన్ బదులు ఇవ్వదగిన మాజూన్ ఏదీ నా అలమారాలో లేదు. ఉందని చెబితే అది అబద్ధం. వెంటనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపాను. ఒక వేలు పోయింది, కాలు దక్కింది. పది రోజుల ముందు వచ్చి ఉంటే ఆ వేలు కూడా దక్కేదేమో!

ధర ఎక్కడ పెరుగుతోంది?

"ప్రభుత్వం ధరలు కట్టడి చేస్తుంది కదా?" అని మీరు అడగవచ్చు. చేస్తుంది. అందుకోసమే 1997లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఏర్పడింది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర నిర్ణయిస్తారు. 2022 జాబితాలో 384 మందులు ఉన్నాయి. అయితే ఆ ధర కట్టే పద్ధతి గమనించండి. మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్న కంపెనీల ధరలకు సగటు కట్టి, దానిపై దుకాణదారుకు 16 శాతం కలుపుతారు. తయారీకి ఎంత ఖర్చయిందన్న లెక్క ఇందులో లేదు. పెద్ద కంపెనీలు ఎక్కువ ధర పెట్టుకుంటే సగటు కూడా పెరుగుతుంది.

జాబితాలోని మందుల ధర టోకు ధరల సూచీని బట్టి ఏటా మారుతుంది. ఆ లెక్కన 2022లో 10.76 శాతం, 2023లో 12.12 శాతం పెంచుకోవడానికి వీలు కలిగింది. 2024 అక్టోబరులో 8 మందులకు చెందిన 11 రకాల ధర 50 శాతం పెంచారు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ వాటిలో ఉన్నాయి. పాత ధరకు గిట్టుబాటు కావడం లేదని కంపెనీలు చెప్పడమే దానికి కారణం. జాబితాలో లేని మందులకు కంపెనీయే ధర పెట్టుకుంటుంది, ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చు.

ఇక ఆసుపత్రి లోపలి సంగతి. 2018 ఫిబ్రవరిలో అదే ధరల సంస్థ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించింది. కొన్నింటిపై లాభం 1,700 శాతం దాటింది. అయినా అచ్చువేసిన ధరను మించి అమ్మారని అనడానికి లేదు. ఎందుకంటే ఆసుపత్రి పెద్దమొత్తంలో కంపెనీ నుంచి తక్కువకు కొంటుంది, పెట్టె మీద మాత్రం ఎక్కువ ధర అచ్చవుతుంది. మంచం మీద ఉన్న రోగి బేరం ఆడగలడా? సిరంజి, సెలైన్ సెట్టు, గ్లవుజులు ఎన్ని వాడారో లెక్కపెట్టగలడా?

ఆసుపత్రులు తమ దుకాణంలోనే మందులు కొనమని రోగులను ఒత్తిడి చేస్తున్నాయన్న పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దానిపై విధానం రూపొందించే పనిని కోర్టు 2025 మార్చిలో రాష్ట్రాలకే వదిలింది. డాక్టర్లు జనరిక్ పేరుతోనే మందులు రాయాలని 2023 ఆగస్టులో వచ్చిన నిబంధనలను కూడా ఆ నెలలోనే నిలిపివేశారు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి.

మీరు చేయవలసినవి

1. ఒడిశాలో 2015 నుంచి 'నిరామయ' పథకం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు ఇస్తారు. చీటీ పట్టుకుని బయటి దుకాణానికి పరుగెత్తే ముందు ఆ కౌంటరులో అడగండి.

2. జన ఔషధి దుకాణాలు 2008లో మొదలయ్యాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ వంటి రోజువారీ మాత్రలు అక్కడ బ్రాండు మందుల కంటే చాలా తక్కువకు దొరుకుతాయి. "దీని జనరిక్ పేరు కూడా రాయండి" అని డాక్టరు గారిని మర్యాదగా అడగండి. అడగడంలో తప్పు లేదు.

3. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు, ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు మార్చకండి. డాక్టరును అడిగాకే మార్చాలి.

4. బిల్లులో ప్రతి మందు పేరు, ఎన్ని వాడారు, ఒక్కొక్కటి ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. వాడకుండా మిగిలినవి తిరిగి తీసుకుంటారా అని డిశ్చార్జికి ముందే అడగండి.

5. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి మొదలయ్యాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షల దాకా వైద్యం అందుతుంది. జబ్బు చేశాక కార్డు కోసం తిరగడం కాదు, ముందే చేయించుకోండి. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారు తమ రాష్ట్ర కార్డు ఇక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే కనుక్కోండి.

మా వైద్యం మాట

ఇతరుల తప్పులే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. మా యునానీలోనూ అంబరు, ముత్యాలు, కుంకుమపువ్వు కలిసిన ఖమీరాల ధర తక్కువేమీ కాదు. మలబద్ధకానికి ఇసబ్గోలు, కడుపు ఉబ్బరానికి సోంపు సరిపోయే చోట ఖరీదైన డబ్బా అంటగట్టే హకీములూ ఉన్నారు. వారినీ ధర అడగండి, నన్నూ అడగండి. ఆసుపత్రి మందుతో పాటు యునానీ మందు వాడాలనుకుంటే రెండు చీటీలూ ఇద్దరికీ చూపించండి. దాచిపెడితే నష్టం మీకే.

ఒక చిన్న విన్నపం. ప్రతి మొహల్లాలో చదువుకున్న పిల్లలు ఉన్నారు. జుమా నమాజు తర్వాత ఒక అరగంట కూర్చుని పెద్దల చీటీలు చూసి, ఏ మందుకు జనరిక్ ఉందో, ఎక్కడ దొరుకుతుందో రాసిపెడితే ఎంతమందికి మేలు! ఆ ఇచ్ఛాపురం అబ్బాయి ఇప్పుడు తన వీధిలో ఆ పనే చేస్తున్నాడు. వాళ్ల నాన్నగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, రోజూ ఇన్సులిన్ వేసుకుంటున్నారు.

ధర భారమైతే డాక్టరుకు చెప్పండి, నాకు చెప్పండి, ఇరుగుపొరుగుకు చెప్పండి. చెప్పకుండా మందు మాత్రం మానకండి.