పులికంటే ముందు మోరీ చూస్తా

జూకు పోయినవాళ్లంతా జంతువు ఎక్కడుందని వెతుకుతారు. నేను మోరీ ఎక్కడుందని వెతుకుతాను. ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో పశువుల దవాఖాన కొలువు చేసి రిటైరైన మనిషిని. చేసింది కాంపౌండర్ పనే అయినా ఊరంతా ‘డాక్టర్ సాబ్’ అనే పిలుస్తుంది. కొట్టం ముందు నిలబడితే బర్రెకంటే ముందు నాకు నేల వాలు, మూత్రం పోయే దారి, తొట్టి కింద పాచి కనిపిస్తాయి. పశువు సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది. హన్మకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూకు పెద్దపులులు వచ్చాయని మనవరాలు నన్ను పట్టుబట్టి తీసుకుపోయినప్పుడూ అంతే. ఆ పిల్ల పులి చారలు చూస్తుంటే నేను చప్టా వాలు చూసుకుంటూ నిలబడ్డాను.

“తాతా, పులి అటుంటే నువ్వు ఇటు చూస్తున్నవేంది?” అన్నది.

జవాబు పెద్దదే. మెల్లగా చెప్పుకుందాం.

ఈ జూను మా వయసువాళ్లం ఇప్పటికీ ‘వన విజ్ఞాన కేంద్రం’ అనే అంటాం. 1985లో మొదలైంది. 47 ఎకరాల పైచిలుకు జాగా. చాలా ఏళ్లు అక్కడికి పోయేది దుప్పులు, కృష్ణజింకలు, నెమళ్లు, మొసళ్ల కోసమే. ఎలుగుబంట్లు, చిరుతలు చేరాక కాస్త సందడి పెరిగింది. పెద్దపులి కావాలంటే మాత్రం హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. 2025 మొదట్లో ఆ కొరత తీరింది. హైదరాబాద్ నెహ్రూ జూపార్కు నుంచి పులుల జంట వరంగల్ వచ్చింది.

ఆ వార్త వచ్చిన రోజుల్లో చాయ్ హోటల్ దగ్గర నన్ను అడగనివాడు లేడు. “డాక్టర్ సాబ్, జత ఎంతకు కొన్నరట?” ఎడ్ల అంగడి చూసిన జనం, ధర అడగడం సహజమే. కానీ పులికి అంగడి లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టానికి 1991లో సవరణ చేసి, మరుసటి ఏడు కేంద్ర జూ అథారిటీని పెట్టారు. అప్పటినుంచి పులిలాంటి రక్షిత జంతువు ఒక జూ నుంచి ఇంకో జూకు పోవాలంటే ఆ అథారిటీ అనుమతి కావాలి. పంపే జూకు గుర్తింపు ఉండాలి, తీసుకునే జూకూ ఉండాలి. మార్పిడే తప్ప అమ్మకం లేదు. ఒకచోట పుట్టుక బాగుండి ఎక్కువైతే, ఇంకోచోట ఇల్లు సిద్ధంగా ఉంటే పంపుతారు. ఇక్కడ కొత్త జంతువు వచ్చిందంటే ఎక్కడో ఒక కొట్టం ఖాళీ అయిందన్నమాట.

ఇల్లు సిద్ధం అన్నానే, అసలు కథంతా అందులోనే ఉంది. పులుల జంటకు బయట తిరిగే జాగా కనీసం 1000 చదరపు మీటర్లు ఉండాలని నిబంధన. మన లెక్కలో పది గుంటలు, అంటే పావెకరం. రాత్రి పండుకునే గది ఒక్కోదానికి 2.75 మీటర్ల పొడుగు, 1.80 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అడవిలో వేటకు కొదువ లేనిచోట కూడా ఒక ఆడపులి ఇరవై చదరపు కిలోమీటర్ల దాకా తనదనుకుని తిరుగుతుంది. ఆ లెక్కన పది గుంటలు కనీసం అని రాశారే గాని, చాలని ఎవరూ రాయలేదు. అందుకే ఆ జాగాలో నీడ, నీటిగుంట, గోళ్లు గీరుకోవడానికి మొద్దు, జనం కళ్లు పడకుండా దాక్కునే పొద ఉన్నాయా అని చూడాలి. పులి పొదచాటున పండుకుంటే “పైసలు దండుగ” అని తిట్టుకుంటారు మనవాళ్లు. నాకు మాత్రం ఆ పొద పెట్టినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇనుప ఊచల బోను నుంచి కందకం దాకా రావడానికి ప్రపంచానికే చాలాకాలం పట్టింది. 1907లో జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ ఊచలు తీసేసి, జనానికీ జంతువుకూ నడుమ లోతైన కందకం తవ్వించాడు. మన హైదరాబాద్ జూ 1963 అక్టోబర్ 6న మొదలైంది. దానికి ముందు నగరవాసులు జంతువుల్ని చూసింది బాగె ఆమ్‌లోని చిన్న జూలో. అక్కడినుంచి మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లోకి రావడమంటే, జంతువులకు గుడిసె నుంచి గడీలోకి మారినట్టే.

సందర్శకులకు కనిపించని పని వెనకగదుల్లో జరుగుతుంది. పులికి తిండి బయట వెయ్యరు, సాయంత్రం లోపలి గదిలోనే వేస్తారు. ఆకలే దాన్ని ఇంటికి తోలుకొస్తుంది, కర్రతో పనిలేదు. పైకి లేచే తలుపును బయటినుంచి తాడుతోనో గొలుసుతోనో లాగుతారు. లోపల ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోకుండా బయటి ఆవరణలో మనిషి కాలు పెట్టడు. సూది వెయ్యాలంటే గోడ దగ్గరికి జరిగే బోను ఉంటుంది, స్క్వీజ్ కేజ్ అంటారు. మా దవాఖాన ముందు పశువును కదలకుండా నిలబెట్టే ట్రెవిస్ చేసే పనే అదీ చేస్తుంది. రోజుకు కిలోల లెక్కన మాంసం, వారానికి ఒకనాడు ఉపవాసం. మాంసం బొక్కతో సహా వెయ్యాలి. ఉత్త మెత్తటి కండే పెడితే క్యాల్షియం అందక పిల్లపులులకు కాళ్లు వంకరపోతాయి. కొత్తగా వచ్చిన జంతువును కనీసం నెలరోజులు విడిగా ఉంచి, పేడ పరీక్ష చేసి, పురుగులు లేవని తేలాకే మిగతావాటి దగ్గరికి పోనిస్తారు.

ఇక మోరీ. 2000 జూలైలో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో రోజుల వ్యవధిలో పదికి పైగా పులులు చచ్చిపోయాయి. రోగం పేరు సర్రా. మాకు అది కొత్త పేరు కాదు. వానకాలంలో గుర్రాలకు, ఒంటెలకు, బర్రెలకు వచ్చేదే. రక్తంలో చేరే సూక్ష్మజీవి, దాన్ని మోసేది జోరీగ. ఒక పశువును కుట్టి నెత్తురంటిన మూతితోనే ఇంకోదాన్ని కుడుతుంది. రోగమున్న పశువు పచ్చిమాంసం తిన్నా పులికి అంటొచ్చు. జోరీగ గుడ్లు పెట్టేది బురద, చిత్తడి ఉన్నచోట. కడిగిన నీళ్లు నిలవకుండా పోతే, పేడ ఏరోజుకారోజు ఎత్తేస్తే, చుట్టూ గడ్డి కోస్తే ఈగ తగ్గుతుంది. పెద్ద చెరువు పక్కనున్న ఊరివాణ్ని, వానకాలం జోరీగల సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అడవి రాజు ప్రాణం చివరికి చప్టా వాలు మీద ఆధారపడి ఉంటుందంటే మనవరాలు నమ్మలేదు.

రోగం మోసేది ఈగలే కాదు, మనుషులం కూడా. 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకిందని సీసీఎంబీ పరిశోధన సంస్థ తేల్చింది. మనుషుల నుంచే వచ్చి ఉంటుందన్నారు. అన్నీ కోలుకున్నాయి.

చాయ్ హోటల్లో రెండో ప్రశ్న: “తెల్లపులి ఎందుకు తేలేదు?” ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. తేకపోతేనే మంచిది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా అడవుల్లో ఒక తెల్ల మగ పిల్లను పట్టి మోహన్ అని పేరు పెట్టారు. మామూలు ఆడపులితో కలిపితే పుట్టినవన్నీ పసుపుపచ్చ పిల్లలే. అప్పుడు మోహన్‌ను తన బిడ్డ రాధతోనే కలిపారు. 1958లో తెల్లపిల్లలు పుట్టాయి. ఇవాళ లోకంలోని జూలలో ఉన్న తెల్లపులుల్లో చాలావరకు ఆ వంశానివే. మెల్లకన్ను, బలహీనత, పుట్టగానే చావులు ఆ రక్తసంబంధం తెచ్చిపెట్టినవే. కొలువు చేసిన కాలమంతా రైతులకు నేను మొత్తుకున్నది ఒక్కటే: మూడేళ్లకు ఆంబోతును మార్చండి, లేకపోతే తండ్రి బిడ్డనే కడుతుంది, దూడ నిలవదు, పాలు నిలవవు. పులికైనా అదే సూత్రం. అందుకే జూ పులులకు వంశావళి పుస్తకం ఉంటుంది. అంతర్జాతీయ పుస్తకం జర్మనీలోని లైప్‌జిగ్ జూ దగ్గర ఉంది. ఏ పులి ఎవరి బిడ్డ, దేనితో కలపాలి, దేన్ని దూరంగా పంపాలి అనేది అందులో చూసి తేల్చుకోవాలి. రంగు చూసి జనం వస్తారని కాదు.

జూలో చేరికలకే రిబ్బన్లు కడతారు, పోయినవాటికి పేపర్లో నాలుగు లైన్లు. సౌదీ రాకుమారుడు హైదరాబాద్ జూకు ఇచ్చిన చీతాల జంటలో హీబా 2020లో, అబ్దుల్లా 2023 మార్చిలో పోయాయి. బాగె ఆమ్ నుంచి వచ్చిన పెద్ద గాలపగోస్ తాబేలు 2024 మార్చిలో పోయింది. దాని వయసు 125 ఏళ్లు ఉంటుందన్నారు. నిజాముల కాలాన్ని చూసిన ప్రాణి.

ఇదే హైదరాబాద్ జూలో ఎవరికీ పెద్దగా తెలియని ఇంకో పని జరిగింది. మూషిక జింక అని ఒకటుంది, దాదాపు కుందేలంత ఉండేది, రాత్రిపూట తిరిగేది. 2010 నుంచి సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అటవీశాఖ కలిసి, వేళ్లమీద లెక్కపెట్టేన్ని జింకలతో మొదలుపెట్టి రెండు వందలు దాటించారు. సందర్శకులు చూడని కొట్టాల్లో పెంచి, నల్లమలలోని అమ్రాబాద్ అడవుల్లో కొన్నిటిని విడిచిపెట్టారు. జూ అంటే తెచ్చిపెట్టుకునే చోటే కాదు, అడవికి తిరిగి ఇచ్చే చోటు కూడా అని నాకు నమ్మకం కుదిరింది ఆ సంగతి చదివాకే.

మనకు అడవి లేదా అంటే, ఉంది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు మనకు దగ్గరే. 2024 చివర్లో ములుగు జిల్లాలో పెద్దపులి అడుగులు కనబడి, పశువుల్ని మేపుకునేవాళ్లు వారాలపాటు అడవి పక్కకు పోలేదు. హంటర్ రోడ్డులో టికెట్ కొని పులిని చూసినవాళ్లూ, ములుగులో దాని అడుగు చూసి మందను కొట్టంలోకి తోలుకున్నవాళ్లూ పాత ఓరుగల్లు జిల్లావాళ్లే.

నన్నెవరూ అడగరు గాని, అడిగితే వరంగల్ జూకు తర్వాత ఏం కావాలో చెబుతాను. ఇంకో పెద్ద జంతువు వద్దు. నాలుగు కొమ్ముల కొండగొర్రె కోసం జనం కంటపడని ఒక కొట్టం కట్టాలి. ఎక్కువైన పిల్లల్ని పాకాల అడవిలో విడవాలి. దేవునూరు ఇనుపరాతి గుట్టల దాకా ఒకప్పుడు అది ఉండేదని మా ముసలోళ్లు చెబుతుంటే విన్నాను. దానికి టికెట్లు తెగవు, పేపర్లో ఫొటో రాదు. గోడ కట్టేముందు మోరీకి వాలు మాత్రం నేనొచ్చి చూపిస్తాను, జీతం అక్కర్లేదు.