ఎద్దు మెడ నుంచి ట్రాక్టరు హుక్కు దాకా

జూన్ నెలలో చిత్తూరు నుంచి బంగారుపాళ్యం వైపు పోతే దారి పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లే. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందర ఒక వరస, దామలచెరువు మండీల దగ్గర ఇంకో వరస. కాయను బస్తాలకెత్తరు, తొట్టి నిండా విడిగా పోసి పైన కుప్ప చేస్తారు. ఆ వరసను కాసేపు పక్కనుంచి చూడండి. వరస కదిలినప్పుడు కొన్ని ట్రాక్టర్ల ముందుచక్రాలు నేలను గట్టిగా పట్టుకుని దొర్లుతాయి. మరికొన్నిటివి ప్రతి కుదుపుకీ నేలను తాకీ తాకనట్టు తేలతాయి. కాయ అదే, ట్రాక్టరు అదే, బరువూ దాదాపు అంతే. ట్రైలరు తన బరువులో ఎంత భాగాన్ని తెచ్చి ట్రాక్టరు హుక్కు మీద ఆనించిందన్న దాంట్లోనే తేడా ఉంది. ఆ భాగాన్ని ఆనిక అందాం.

ఈ ఆనికను మన సీమ రైతు ట్రాక్టరు రాకముందే ఎరుగును. అప్పుడది ఎద్దు మెడ మీద ఉండేది.

రెండు చక్రాల ఎద్దులబండి నిజానికి ఒక పెద్ద తక్కెడ. ఇరుసు దాని ముల్లు. తొట్టి వెనకభాగం ఒక సిబ్బి, తొట్టి ముందుభాగమూ నొగా కాడీ కలిసి రెండో సిబ్బి. ముందు సిబ్బి బరువెక్కితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది, తోలు కమిలి పుండవుతుంది. వెనక సిబ్బి బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, మెడ కింద కట్టిన తాడు గొంతుకు బిగుసుకుంటుంది. నా చిన్నప్పుడు మా తాత బెల్లం దిమ్మెలు బండికెత్తించాక ఎద్దులు కట్టకముందే నొగ కొస దగ్గరికొచ్చి దాన్ని ఒకసారి రెండు చేతులతో లేపి చూసేవాడు. సులువుగా లేస్తే తల అడ్డంగా ఊపి, "ముందరికి రెండు దిమ్మెలు జరపండ్రా, వెనక తూగతా ఉండాది" అనేవాడు. లేపడానికి నడుం వంగితే రెండు దిమ్మెలు వెనక్కి పోయేవి. చిన్న బరువొకటి మెడ మీద ఉండి తీరాలి, ఎక్కువ మాత్రం కాకూడదు. ఆ చిన్న బరువెంతో ఆయన చేతులకు తెలుసు.

బండి కదిలాక కూడా తూకం పని ముగిసేది కాదు. ఎక్కుడు వస్తే బండి తోలేవాడు తొట్టిలోంచి ముందుకు జరిగి నొగ మొదట్లో కూర్చునేవాడు. దిగుడులో దూకి వెనకపక్కకు పోయి తొట్టి చెక్కను పట్టుకుని వేలాడేవాడు. చూసేవాళ్లకు అది అలవాటుగా కనిపించేది, కానీ అచ్చమైన గణితం. బరువు ఇరుసు కంటే ఎత్తులో ఉన్నప్పుడు ఎక్కుడులో అది వెనక్కి వాలుతుంది, దిగుడులో ముందుకు వాలుతుంది. మనిషి తన ఒంటినే తూకపురాయిగా వాడి ఆ వాలును సరిచేసేవాడు.

ఎద్దు మెడ మీది పుండును దేశానికి పట్టిన సమస్యగా చూపించిన వాళ్లలో ఎన్.ఎస్. రామస్వామి ముఖ్యులు. మనకు పక్కనే ఉన్న బెంగళూరులో ఐఐఎం తొలి డైరెక్టరు ఆయన. పెద్ద పరిశ్రమల నిర్వహణ గురించి పాఠాలు చెప్పే సంస్థలో కూర్చుని ఎద్దులబండి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 'కార్ట్‌మన్' అనే సంస్థను పెట్టి, మెడ మీది ఒత్తిడి తగ్గాలని, కాడి మారాలని, ఇరుసుకు బేరింగులు రావాలని పోరాడారు. డన్లప్ 1888లో సైకిలు కోసం తెచ్చిన గాలిటైరు తర్వాతి కాలంలో మన బండికీ ఎక్కి దాన్ని 'టైరు బండి'గా మార్చింది. లాగుడు తగ్గింది, కానీ ఒకే బండికి ఇంకా ఎక్కువ సరుకు ఎత్తే ఆశా పెరిగింది. చక్రం మారినంత మాత్రాన తక్కెడ మారదు కదా. ఎక్కువ సరుకంటే మెడ మీద ఎక్కువ ఆనికే.

ఆ ఆనిక బరువు ఒక వరంగా మారిన కథ ఐర్లండులో మొదలవుతుంది.

1884లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ రైతుబిడ్డ. 1909 చివరిరోజున తాను కట్టిన విమానాన్ని తానే నడిపి, ఐర్లండులో మొదట విమానంలో ఎగిరిన మనిషయ్యాడు. బరువు ఎక్కడుండాలన్న ప్రశ్న విమానం కట్టినవాడి ఒంట్లో ఇంకిపోతుందని నా నమ్మకం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ట్రాక్టర్లతో దున్నకం ఎలా సాగుతోందో చూసి సరిచేసే పని ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. అప్పటి ట్రాక్టర్లు నాగలిని గొలుసుతో బండి లాగినట్టు లాగేవి. నాగలి రాయికి తగిలి ఆగిపోతే వెనకచక్రాలు తిరగలేక, ఇంజను బలమంతా ట్రాక్టరునే ఇరుసు చుట్టూ తిప్పేది. ముందుభాగం గాల్లోకి లేచి వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. అలా చాలామంది చనిపోయారు.

ఫెర్గూసన్ ఆలోచన రెండు మాటల్లో చెప్పొచ్చు. ట్రాక్టరును బరువుగా కట్టడం దండగ, పనిముట్టు బరువునే దాని వెనకచక్రాల మీదికి తెచ్చుకుంటే చాలు. పట్టు బరువు నుంచి వస్తుంది, ఆ బరువు ట్రాక్టరుదే కానక్కర్లేదు. మూడు చోట్ల తగిలించే లింకులు, హైడ్రాలిక్ ఎత్తుడు కలిపి ఆయన చేసిన ఏర్పాటు ఈనాటికీ మన ప్రతి ట్రాక్టరు వెనకా ఉంది. 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా చేతిలో చేయి వేసి ఒప్పందం చేసుకున్నాడు, 1939లో వాళ్ల ఉమ్మడి ట్రాక్టరు వచ్చింది. ఆ స్నేహం కోర్టులో ముగిసింది. 1946 నుంచి ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన బూడిదరంగు టీఈ-20 అయితే 5 లక్షలకు పైగా పొలాల్లోకి వెళ్లింది. బరువు చూస్తే టన్ను పైన కొంచెం, అంతే.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ ట్రాక్టరు వెంట ఆయన అమ్మిన ట్రైలరు. దానికి రెండే చక్రాలు, అవీ తొట్టి మధ్యలో ఉండవు, బాగా వెనక్కి ఉంటాయి. చూడగానే ముందుకు కూలబడేట్టు కనిపిస్తుంది. కావాలనే అలా చేశాడు. సరుకు బరువులో మంచి వాటా ముందుకు వాలి హుక్కు ద్వారా ట్రాక్టరు వెనకచక్రాలను నేలకు అదుముతుంది. సరుకెంత ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ. బురదలో చిన్న ట్రాక్టరు పెద్ద బరువును లాగేస్తుంది. ఎద్దు మెడను పుండు చేసిన అదే బరువు ఇక్కడ రబ్బరు టైరుకు బలమైంది.

ఫెర్గూసన్ సంస్థ 1953లో కెనడాకు చెందిన మాసీ-హారిస్‌తో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో చేయడానికి 1960లో మద్రాసులో టాఫే పుట్టింది. దాని సెంబియం ఫ్యాక్టరీ చిత్తూరుకు సగంరోజు ప్రయాణం కూడా కాదు. అలా ఆ ఆలోచన మన గడపలోకి వచ్చింది. అయితే ట్రైలర్లు ఆ ఫ్యాక్టరీ నుంచి రాలేదు. ఎక్కువగా మన ఊళ్ల వెల్డింగు షాపుల్లోనే పుట్టాయి. షాపులో కొలతలు చెప్పి చేయించుకుంటాం, సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. అప్పుడు ఇరుసును ఎక్కడ పెట్టి అతుకుతారన్నది ఆ ట్రైలరు జాతకం. ఒక జానెడు ముందుకు జరిగిందంటే, ఇక దాని జీవితమంతా ఎత్తిన ప్రతి సరుకూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. రంగు, డోరు, పేరు రాయించడం గురించి ఎంతో మాట్లాడతాం, ఇరుసు గురించి అడిగేవాళ్లు తక్కువ. అడగాలి.

లెక్క చాలా తేలిక. హుక్కు నుంచి ఇరుసు దాకా 3 మీటర్లు, తొట్టీ సరుకూ కలిసి 4,000 కిలోలు అనుకుందాం. మొత్తం బరువుకు కేంద్రం ఇరుసు కంటే 45 సెంటీమీటర్లు ముందుంటే, 4,000ను 45తో గుణించి 300తో భాగించండి. హుక్కు మీద 600 కిలోలు, అంటే మొత్తంలో 15 శాతం. ఇప్పుడు ఆ సరుకు ఎత్తుగా పేర్చిన చెనక్కట్టె అనుకోండి. బరువు కేంద్రం ఇరుసుకు మీటరున్నర పైన ఉంది. మొగిలి ఘాటులోనో భాకరాపేట ఘాటులోనో 10 మీటర్లకు 1 మీటరు లేచే ఎక్కుడు వచ్చింది. కేంద్రం 15 సెంటీమీటర్లు వెనక్కి వాలుతుంది. 600 కిలోల ఆనిక 400కు పడిపోతుంది. చక్రాలకు పట్టు బాగా కావలసిన చోటే అది తగ్గిపోయింది. అదే వాలు దిగేటప్పుడు ఆనిక 800 అవుతుంది. బండి తోలేవాడు నొగ మీదికి ఎందుకు జరిగేవాడో, వెనక ఎందుకు వేలాడేవాడో ఈ మూడు అంకెల్లో ఉంది.

తోతాపురి కాయలైతే వాలడంతో ఆగవు, దొర్లుతాయి కూడా. నిండా పోయకుండా సగం తొట్టిలో వదిలేసిన కాయ ఎక్కుడులో వెనక డోరు దగ్గరికి చేరుతుంది. అడ్డంగా ఒక పలక నిలిపి కాయను ముందుభాగంలో ఆపితే సరిపోతుంది.

ఆనిక మరీ ఎక్కువైనా ముప్పే. హుక్కు ట్రాక్టరు వెనక ఇరుసుకు ఇంకా వెనకుంది. దాన్ని నొక్కిన కొద్దీ ముందుచక్రాలు తేలికవుతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. లాగే జోరు కూడా ముందుభాగాన్ని లేపేదే. అందుకే ముందు ఇనుప దిమ్మెలు తగిలిస్తారు. వాటి బదులు బంపరు మీద మనుషుల్ని కూర్చోబెట్టడం చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ గుండె ఆగుతుంది. జారితే పడేది ఆ చక్రాల కిందే. హుక్కును ఎత్తులో, ఇరుసు కంటే పైన తగిలించడం అంతకన్నా ఘోరం. ఫెర్గూసన్ కాలంలో ప్రాణాలు తీసిన తిరగబాటే మళ్లీ వస్తుంది.

కొందరు నాలుగు చక్రాల ట్రైలరు కొంటారు. ముందున్న ఇరుసే బరువు మోస్తుంది కాబట్టి హుక్కు మీద ఆనిక దాదాపు ఉండదు. ట్రాక్టరుకు హాయి, కానీ బురదలో ఆ అదనపు పట్టూ ఉండదు, రివర్సు చేయడం కష్టం.

ట్రాక్టరు నెమ్మదిగా పోతుంది గనక తూకంలో కొంత తప్పును ఓర్చుకుంటుంది. కారుకో పికప్‌కో చిన్న ట్రైలరు తగిలించి హైవే ఎక్కితే ఆ ఓర్పు ఉండదు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కారు వెనక లాగే ట్రైలరు వేగంలో ఎందుకు ఊగుతుందో ప్రయోగాలు చేసి 2009లో ప్రకటించారు. హుక్కు మీది ఆనిక, ఇరుసు ఉన్న చోటు, బరువు అటూ ఇటూ పరుచుకున్న తీరు, ఈ మూడే ముఖ్యమని తేలింది. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ముందు కొసన 100 కిలోలు, వెనక కొసన 100 కిలోలు పెట్టినా తక్కెడ సమంగానే తూగుతుంది. కానీ అది ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం కష్టం. అదే 200 కిలోలు ఇరుసు దగ్గర పెడితే ఊపు తొందరగా చస్తుంది. బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కాస్త ముందుకు, అడుగున ఉండాలి. కుడి ఎడమలు సమంగా ఉండాలి.

అమెరికాలో ఇల్లు మారే మన పిల్లలు 'యూ-హాల్' చిన్న ట్రైలరు అద్దెకు తీసుకుంటారు. 60 శాతం సరుకు ముందు సగంలో పెట్టమని ఆ సంస్థ చెబుతుంది. అక్కడ చిన్న ట్రైలర్లకు వాడుకలో ఉన్న కొలత, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలని. ఫ్రిజ్జు చివరగా ఎత్తడం సులువని డోరు దగ్గర పెట్టి బయలుదేరితే, దిగుడులో వేగం పెరిగాక తోక ఊగుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, వేగమూ పెంచకూడదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు తీసేయాలి. ఆగాక సరుకు సర్దాలి.

మన ట్రాక్టరు ఆనికను కొలవాలంటే తాత చేతులు అక్కర్లేదు, కాటా చాలు. చదునైన వేబ్రిడ్జి మీద ముందు ట్రాక్టరును ఒంటరిగా తూయండి. తర్వాత సరుకు ఎత్తిన ట్రైలరును తగిలించి, ట్రాక్టరు మాత్రమే కాటా మీద ఉండి ట్రైలరు చక్రాలు బయట నిలిచేట్టు ఆపి తూయండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చేది ఆనిక. చెరకు తోలేవాళ్లు, కాయ తోలేవాళ్లు ఎట్లాగూ కాటా ఎక్కుతారు. ఒక్కసారి ఈ లెక్క చూసుకుంటే ఆ తొట్టిలో సరుకు ఎక్కడిదాకా పోయాలో గీత గీసుకోవచ్చు.

ఫ్యాక్టరీలో కాయ దించేటప్పుడు కూడా చూడవలసినదొకటి ఉంది. ట్రాక్టరు వేరే పనికి కావాలని పిన్ను తీసి, ట్రైలరును ముందుకాలు మీద నిలబెట్టి పోతారు. కూలీలు నీడ ఉన్న పక్కనుంచి, అంటే ఒక్కోసారి ముందునుంచి, కాయ తీస్తారు. సగం తీసేసరికి ముందుకాలు నేలను వదులుతుంది, నొగలాంటి ఆ ఇనుప కమ్మీ ఒక్కసారి ఆకాశంలోకి లేస్తుంది. తొట్టిలో నిలబడ్డవాళ్లు కాయతోపాటు వెనక్కి జారిపోతారు. దింపడం వెనకనుంచే మొదలుపెట్టాలి. తాత బండి దించేటప్పుడు ఎద్దుల్ని విప్పి, కాడి కింద కవగర్ర నిలిపి, వెనక దిమ్మె నుంచే దించమనేవాడు. ముందువరస దిమ్మెల మీద ఆఖరుదాకా ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.