ముసలి కుక్కకు ఇంట చోటు



కుక్కను పెంచుకోవాలనే ఆలోచన రాగానే మనం పిల్ల కోసం వెతుకుతాం. గుప్పెడంత పిల్ల, పాలు తాగుతూ, చెప్పులు కొరుకుతూ మన కళ్ళముందు పెరగాలని కోరిక. ఇందులో తప్పేమీ లేదు. అయితే గాయపడినవాటిని, దిక్కులేనివాటిని చేరదీసే ఆశ్రయాలు మన పక్క నగరాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాయి. మద్రాసు బ్లూ క్రాస్ 1959లో మొదలైంది, హైదరాబాదు బ్లూ క్రాస్ 1992లో. ఒరిస్సా వైపు, యానాం వైపు శ్రోతలకు విశాఖపట్నం దగ్గర. ఇలాంటి ఏ ఆశ్రయానికి వెళ్ళినా ఒకటే దృశ్యం. పిల్లలు త్వరగా ఇళ్ళకు వెళ్ళిపోతాయి. కన్ను పోయినవి, కాలు తీసేసినవి, మూతి నెరిసినవి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి. ఈరోజు నా ప్రసంగం వాటి గురించి.

మాది హోసూరు. బడిలో పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. పిల్లలు దూరాన ఉన్నారు. సెలవులకు వచ్చే మనవరాలు కుక్కపిల్ల కావాలని పట్టుబడితే, బెంగుళూరులో ఒక ఆశ్రయానికి ముగ్గురం వెళ్ళాం. పిల్లల గదికి పోయే దారిలో ఒక ఎర్రటి ఆడకుక్క చాపమీద పడుకుని ఉంది. ముందరి కుడికాలు లేదు. ఎడమకన్ను తెల్లటి గోళీలా ఉంది. పెద్దరోడ్డు మీద లారీ తగిలితే ఎవరో పుణ్యాత్ములు తెచ్చి వదిలారట. నాలుగేళ్ళుగా అక్కడే ఉందట. పళ్ళు చూసి వయసు తొమ్మిదో పదో అన్నారు. పేరు రాణి. మనవరాలు దాని పక్కన కూర్చుంది, ఇక లేవలేదు.

మా ఇంటావిడ నన్ను పక్కకు పిలిచింది. "ఏమండీ, ఈ వయసులో మన చెయ్యి పట్టుకునేందుకే ఇంకొకరు కావాలి. దీని చెయ్యి ఎవరు పట్టుకుంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముసలి కుక్కను తెచ్చుకోవాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఆ ప్రశ్న ముందే వేసుకోవాలి. మేము మాత్రం జవాబు దొరక్కముందే రాణిని తెచ్చుకున్నాం.

ముసలితనం అంటే ఎప్పటినుంచి? పెద్ద జాతులకు ఏడెనిమిదేళ్ళకే వస్తుంది. చిన్నవాటికి పది దాటాక. ఇంట్లో జాగ్రత్తగా పెరిగిన మన నాటుకుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతకడం మామూలే. కనుక తొమ్మిదేళ్ళ కుక్కను తెచ్చుకోవడమంటే మూణ్ణాళ్ళ ముచ్చట కాదు. పైగా దాని స్వభావం ముందే తెలుస్తుంది. పిల్ల పెద్దదయ్యాక ఎంత ఎత్తవుతుందో, కరుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. పెద్దకుక్క సంగతి ఒక పూట పక్కన కూర్చుంటే చాలావరకు తెలిసిపోతుంది.

కంటి విషయం ఒకటి చెప్పాలి. వయసు మీరిన కుక్క కళ్ళలో నీలిరంగు పొర కనబడగానే గుడ్డిదైపోయిందనుకుంటారు. ఏడేళ్ళు దాటిన చాలా కుక్కల్లో కంటిలోపలి కటకం గట్టిపడి అలా కనబడుతుంది. చూపుకు పెద్ద లోటుండదు. శుక్లం వేరు. అది పాలలా తెల్లగా ఉండి వెలుతురును అడ్డుకుంటుంది. ఈ రెండిటి తేడా పశువైద్యుడు దీపం వేసి చూసి చెప్పగలడు. రాణి ఎడమకన్ను దెబ్బ తగిలి పోయింది. కుడికన్ను మీద నీలిపొర ఉన్నా దాంతో అది గోడమీద బల్లిని కూడా పట్టేది.

ఒకవేళ రెండు కళ్ళూ పోయిన కుక్క అయితే? మనం జాలిపడేంత కష్టం దానికి ఉండదు. కుక్క లోకాన్ని ముందు ముక్కుతో, తర్వాత చెవితో, ఆపైన కంటితో చూస్తుంది. దానికి కావలసింది ఒక్కటే, ఇల్లు మారకపోవడం. నీళ్ళగిన్నె ఉన్నచోటే ఉండాలి. మంచం, బల్ల ఈరోజు ఇక్కడ, రేపు అక్కడ అనకూడదు. మెట్ల ముందు గోనెపట్టా వేస్తే కాలికి తగలగానే ఇక దిగాలని తెలుసుకుంటుంది. తాకేముందు పేరుపెట్టి పిలవాలి. నిద్రలో ఉన్న గుడ్డికుక్కను తట్టి లేపితే అది బెదిరి కరిస్తే తప్పు దానిది కాదు. చెవిటి కుక్కకైతే నేలను కాలితో తట్టాలి. ఆ అదురు దానికి తెలుస్తుంది. చేతి సైగలు నేర్పాలి. పది పన్నెండేళ్ళ కుక్క కూడా కొత్త సైగలు నేర్చుకుంటుంది.

భాష సంగతి మన సరిహద్దు శ్రోతలకు ప్రత్యేకంగా చెప్పాలి. వారం రోజులు నేను "రా, రా" అని గొంతు చించుకున్నా రాణి కదలలేదు. చెవి కూడా పోయిందేమోనని దిగులుపడ్డాను. ఒకరోజు పాలవాడు కన్నడంలో "బా" అన్నాడు. మూడుకాళ్ళమీద గెంతుతూ వెళ్ళింది! దాన్ని సాకినవాళ్ళు కన్నడంవాళ్ళు మరి. మీరు తెచ్చుకునే కుక్క తమిళంలో "వా" అంటే వచ్చేదో, మరాఠీలో "యే" అంటే వచ్చేదో ముందే అడిగి తెలుసుకోండి. మనం రెండు మూడు భాషల మధ్య బతుకుతున్నవాళ్ళమే కదా, దానికోసం ఇంకో మాట అనడానికి మనకేం కష్టం? మూడు నెలల్లో రాణి తెలుగు కూడా పట్టేసింది.

మొదటి మూడురోజులు కొత్త కుక్క సరిగా తినదు, మూల వదలదు. మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి. ఇది తనిల్లేనన్న ధీమా రావడానికి మూడు నెలలు పడుతుందని కుక్కల్ని సాకేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. మా అనుభవంలో అది ఇంచుమించు సరిపోయింది. ఆ మూడురోజుల్లో చుట్టాల్ని పిలిచి చూపించడం, స్నానం చేయించడం లాంటివి పెట్టుకోవద్దు.

ఇక కాలు. కుక్క బరువులో సుమారు అరవై పాళ్ళు ముందరికాళ్ళ మీదే పడుతుంది. వెనకకాలు లేని కుక్కకంటే ముందుకాలు లేని కుక్కకు శ్రమ ఎక్కువ. మిగిలిన ఒక్క కాలు కీలు త్వరగా అరుగుతుంది. అందుకే అలాంటి కుక్క లావెక్కకూడదు. పక్కటెముకలు కంటికి కనబడకపోయినా చేతికి తగలాలి, అదీ కొలత. నున్నటి టైల్స్ నేల దానికి శత్రువు. మేము వంటింటినుంచి వసారాదాకా కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. గోళ్ళు పెరగకుండా కత్తిరించాం. నడుము పడిపోయిన కుక్కలకు వెనక చక్రాల బండి కట్టే పద్ధతి కూడా ఉంది. అయితే చాలావాటికి మూత్రం తనంతట తాను రాదు. రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట నొక్కి పోయించాలి, పుండ్లు పడకుండా ఒత్తిగిలించాలి. ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉంటేనే అలాంటిదాన్ని తెచ్చుకోవాలి. జాలి ఒక్కటే చాలదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మొదటి చలికాలంలో, మంచు బాగా కురిసే రోజుల్లో, రాణి పొద్దున లేవలేక మూలిగింది. కీళ్ళనొప్పి అని నాకే తెలిసింది, ఎందుకంటే నాకూ అదే నొప్పి. నేను వేసుకునే మాత్రలో సగం విరిచి బెల్లంలో పెట్టి ఇచ్చాను. మర్నాడు చక్కగా నడిచింది. సంతోషపడి మరో రెండురోజులు ఇచ్చాను. ఆ తర్వాతి రోజు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం. పశువైద్యశాలకు ఆటోలో తీసుకెళ్ళాం. డాక్టరు ఆ మాత్ర పేరు వినగానే తల పట్టుకున్నాడు. "అయ్యవారూ, మీ కడుపు తట్టుకునే మందు దాని కడుపు తట్టుకోదు. లోపల పుండ్లు పడి నెత్తురు పోతోంది" అన్నాడు. నాలుగురోజులు సెలైన్ ఎక్కించి బతికించాడు.

శ్రోతలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మనుషుల నొప్పిమాత్రలు, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, పారాసిటమాల్, ఏదైనా సరే, పశువైద్యుడు చెప్పకుండా కుక్కకు ఇవ్వకూడదు. కడుపునూ మూత్రపిండాలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. ఆ డైక్లోఫినాక్‌నే పశువులకు వాడితే, వాటి కళేబరాలు తిన్న రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి. అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కుక్కల కీళ్ళనొప్పికి వేరే మందులున్నాయి. బరువు తూచి, నెత్తురు పరీక్ష చేసి ఇస్తారు. దానితోపాటు మెత్తటి పక్క, రాత్రిపూట చలి తగలని చోటు, రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా నడిపించడం, ఇవన్నీ మందులో సగం.

తిండి దగ్గరకు వస్తే, మన వైపు కుక్కకు రాగిసంకటి, మజ్జిగన్నం పెడతారు. అవి మంచివే గాని ఒట్టి సంకటితో ముసలికుక్క కండ నిలవదు. కాస్త ఉడికించిన కోడిమాంసమో, గుడ్డో కలపాలి. మనం తినగా మిగిలిన కూర మాత్రం వద్దు. అందులోని ఉల్లిపాయ, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క నెత్తుటిలోని ఎర్రకణాల్ని పాడుచేస్తాయి. ద్రాక్షపళ్ళు, పాయసంలోని ఎండుద్రాక్ష మూత్రపిండాలకు విషం. ఉడికిన ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. తినడం తగ్గిస్తే ముందు నోరు తెరిచి చూడాలి. పళ్ళకు గార పట్టి, చిగుళ్ళు చీముపట్టి ఉంటే ఆకలున్నా తినలేదు. నీళ్ళు అదేపనిగా తాగుతూ మాటిమాటికీ మూత్రం పోస్తుంటే మూత్రపిండాలో చక్కెరవ్యాధో చూపించాలి. నీళ్ళు మాత్రం తగ్గించకూడదు. తడుపుతోందని గిన్నె తీసేసేవాళ్ళున్నారు, అది దాన్ని చంపడమే.

పిడుదుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. వీటినే కొన్నిచోట్ల గోమార్లంటారు, తమిళం వైపు ఉణ్ణి అంటారు. ఇవి కుట్టడంవల్ల జ్వరం వచ్చి నెత్తురు తగ్గిపోతుంది. మంచి మందుంది, ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

అన్నిటికంటే ముందు రేబిస్ టీకా. చెవి చివర చిన్న కోత ఉన్న వీధికుక్కకు గర్భనిరోధక ఆపరేషన్ అయిందని గుర్తు. అప్పుడు టీకా కూడా వేస్తారు. కాని ఆ టీకా పదేళ్ళు కాపాడదు. కాగితం చేతిలో లేకపోతే టీకా లేనట్టే లెక్కించి మళ్ళీ వేయించాలి, ఏటా వేయించాలి. కుక్క ఎవరినైనా కరిచినా, గీరినా పదిహేను నిమిషాలపాటు ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం పెట్టి కూర్చోకూడదు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు.

చట్టం సంగతీ ఒకమాట. వీధికుక్కల నియంత్రణకు 2001లో చేసిన నియమాల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్నవాళ్ళు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నాక అది తిరిగి వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్ళదేనని చెప్పింది. ఆ రెండో సగం నాకు చాలా నచ్చింది. నాలుగునెలలు పెంచి, జబ్బు చేశాక సంతలో వదిలేసి వచ్చేవాళ్ళను నేను చూశాను.

మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన ఒక వీరగల్లు ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది. క్రీస్తుశకం 949-50 నాటిది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడు బహుమానంగా కోరుకున్నది కాళి అనే వేటకుక్కను. ఆ కాళి అడవిపందితో పోరాడి చచ్చిపోతే దానికోసం రాయి నిలిపి భూమి రాసిచ్చారు. పోరాడి పోయిన కుక్కకు రాజులు రాయి నిలిపారు, బాగానే ఉంది. ముసలిదై వసారాలో పడుకున్న కుక్కకు మందులు ఎవరు కొనాలి? మా ఇంట్లో నెలకు పాలకు ఎంతవుతుందో రాణి మందులకూ అంతయ్యేది. ఇది దాచి, ముసలి కుక్కకు ఖర్చుండదని చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే.

రాణి మా దగ్గర రెండేళ్ళ ఐదు నెలలుంది. చివరికి మూత్రపిండాలు పాడయ్యాయి. అది వయసువల్ల వచ్చిందో, నేనిచ్చిన మాత్రలవల్ల వచ్చిందో తేల్చి చెప్పలేమన్నాడు డాక్టరు. నేను మాత్రం తేల్చుకున్నాను. ఆఖరి వారంలో అది నీళ్ళు కూడా ముట్టలేదు. సూది వేసి బాధలేకుండా పంపే పద్ధతి ఉంది, ఎప్పుడు చెప్పమంటే అప్పుడు ఇంటికే వస్తానన్నాడు. ఎప్పుడని ఎలా తెలుస్తుందని అడిగాను. "దానికి ఇష్టమైనవి మూడు రాసుకోండి. మూడూ మానేసిన రోజున నాకు ఫోను చెయ్యండి" అన్నాడు. సంకటి ముద్ద, వసారా ఎండ, పాలవాడి సైకిలు గంట అని రాసుకున్నాం. శుక్రవారం పాలవాడు గంట కొడితే చెవి కదల్లేదు. ఫోను చేశాను.

పెరట్లో బావికి దూరంగా, వేరే జంతువులు తవ్వకుండా నాలుగడుగుల లోతు తీసి, సున్నం చల్లి పూడ్చాం. దాని తల తన ఒడిలో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నది, ఆరోజు నన్ను పక్కకు పిలిచి ప్రశ్న అడిగిన మా ఇంటావిడే. మనవరాలు ఫోనులో అడిగింది, ఆశ్రయంలో రాణి పక్కన పడుకునే నల్లటి మగకుక్క ఇంకా అక్కడే ఉందా అని. వచ్చే ఆదివారం వెళ్ళి కనుక్కోవాలి.